గణిత తరగతిలో సంభాషణ

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గణిత తరగతి అనగానే నిశ్శబ్దమే చాలమందికి స్ఫురిస్తుంది. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క చేస్తాడు. పిల్లలు దానిని నోటుపుస్తకములోనికి ఎక్కించుకొంటారు. పరీక్షలో అదే లెక్క వస్తే మార్కులు వస్తాయి. అంకెలు మారితే కలము ఆగిపోతుంది.

ఒక ఉదాహరణము చూడవచ్చును. 1/2కు 1/3 కలుపమంటే పలువురు బాలలు లవములను, హారములను విడివిడిగా కూడి 2/5 అని వ్రాస్తారు. ఎర్ర సిరాతో కొట్టివేసి సరియైన జవాబు చూపడము ఒక పద్ధతి. “2/5 సగముకంటె ఎక్కువా, తక్కువా?” అని తరగతిని అడగడము మరొక పద్ధతి. పిల్లలు తర్కించుకొంటారు. అయిదులో సగము రెండున్నర. రెండు అంతకంటె తక్కువే. “సగమునకు మరికొంత చేర్చితే తగ్గుతుందా?” అని వారిలోనే ఒకరు ప్రశ్నిస్తారు. అప్పుడు కాగితమును ఆరు సమభాగములుగా మడిపిస్తే, సగము మూడు భాగములనీ, మూడవ వంతు రెండు భాగములనీ, మొత్తము 5/6 అనీ వారి కన్నులే చెబుతాయి. క.సా.గు. ఎందుకు కావలెనో ఆ పిల్లలు ఇక మరచిపోరు.

ఇది నేటి వింత కాదు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతీ గణితమున ఎన్నో లెక్కలను ఎదుటివారిని పిలిచి అడిగిన ప్రశ్నలుగానే కూర్చాడు. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము కూడ పిల్లల ఆలోచనను గణితమార్గమున పెంపొందించడమే ముఖ్యమని చెప్పింది.

ఈ పద్ధతికి కాలము ఎక్కువ పడుతుంది. ఒక్క లెక్కకే ఒక పీరియడు గడచిపోవచ్చు. చురుకైన నలుగురే మాట్లాడితే మిగిలినవారు వెనుకబడతారు. వెనుక బెంచీలోని మౌనమును పలికించడమే ఉపాధ్యాయుల అసలు పని.

పొరుగు భాషల నడుమ తెలుగు మాధ్యమమెందుకని అడిగేవారికి సమాధానము ఇక్కడే ఉన్నది. ఇంటిభాషలో బాలిక “ఎందుకు?” అని జంకులేక అడుగుతుంది, రాని భాషలో తన సందేహమును దాచుకొంటుంది. పై చదువులలో హారము ‘డినామినేటర్’ కావచ్చును. పేరు మారినంత మాత్రాన గ్రహించిన భావము మారదు; గ్రహించనిదానిని ఏ పేరూ పూరించలేదు.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఈ సాయంత్రము బిడ్డను “ఎన్ని మార్కులు?” అని అడగడానికి ముందు, “ఈ జవాబు ఎట్లా వచ్చింది?” అని అడగండి, చెప్పేదాక ఓపికతో వినండి.

స్వస్తి.