దుబాయిలో ఒక పగలు



లండనులో మా చెల్లెలి దగ్గరనుంచి వస్తూ, విమానం మారడానికి దుబాయిలో ఒక పగలు ఆగాం. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను తలెత్తి చూసేసరికి నా మెడ పట్టేసిందనుకోండి! 2010లో తెరిచిన ఆ మేడను మించినది ప్రపంచంలో ఇంకా లేదు. ఎడారిలో అంత ఊరికి నీళ్లెలా అంటారా? సముద్రపు నీటిలో ఉప్పు తీసి కుళాయిల్లోకి పంపుతారు.

సాయంత్రం డేరాలోని బంగారం బజారుకని, క్రీక్ అనే పాయ దాటడానికి అబ్రా పడవ ఎక్కాం. మనిషికి ఒక్క దిర్హమే. మా మాటలు విని పక్కనున్న అబ్బాయి, "మీరు తెలుగోళ్లా అమ్మా?" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లెట. మేడలు కట్టే పని.

"ఆ పెద్ద మేడ ఎక్కి చూశావా నాయనా?"

"మేం కట్టెటోళ్లమే అమ్మా, ఎక్కాలంటే టికెట్ కొనాలె" అని నవ్వాడు. రెండేళ్ల కూతురిని ఇంతవరకు ఫోనులోనే చూశాడట.

బజారులో ఇక గాజులమీదికి నా మనసు పోలేదు. మన వీధిలో దుబాయి డబ్బుతో ఇల్లు లేస్తే, "వాళ్లకేం!" అనేస్తాం. ఈసారి ఆ ఇల్లాలిని ఒకసారి పలకరించండి. అక్కడ అతనొక్కడు, ఇక్కడ ఆమె ఒక్కతి. ఆ గోడల ఖరీదు అదేనమ్మా!