తెల్లని పింగాణి – రాజముద్ర

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల ఇండ్లలో ఊరగాయ నిలువయుంచు జాడీని పింగాణి జాడీ యందుము. ఆ పింగాణికి పుట్టినిల్లు చీనా దేశము. అచటి ప్రాచీన శ్వేతపాత్రలను సేకరించువారు మిక్కిలి కోరునది అడుగున గీసిన ‘గ్వాన్’ అను అక్షరము. ‘ప్రభుత్వమునకు చెందినది’ అని దాని యర్థము. అది కనబడినంతనే చక్రవర్తి భోజనపాత్రయని వెల పెంచువారు కలరు.

ముద్రను మాత్రమే నమ్మరాదని మా మనవి. 1969లో డింగ్‌జౌ పట్టణమున, 977లో మూసిన బౌద్ధాలయ గోపురపు నేలమాళిగనుండి తెల్లని పాత్రలు బయల్పడినవి. వానిలో కొన్నింటిపై ఆ ముద్రయే కలదు. అవి రాజు పళ్లెరములు గావు. ఆలయమునకు చేరిన కానుకలు.

మరి చూడవలసినదేమి? కాల్చుటకు ముందు పచ్చిమట్టిపై గీసిన అక్షరపు అంచులు మెత్తగా నుండును. పిమ్మట చెక్కినచో పదునుగా, పెచ్చులూడి యుండును. డింగ్ పాత్రలు పెక్కింటిని బోర్లించి కాల్చిరి. అందుచే అంచున పూత లేక, లోహపు పట్టీ తొడిగిరి.

హైదరాబాదున 1951లో ప్రారంభమైన సాలార్ జంగ్ మ్యూజియమున చీనా పింగాణి కలదు. కొనుటకు ముందు అచట తీరికగా చూచి, కంటికి తగిన అభ్యాసము కలిగించుకొనుడు.