ఏ పని తరవాత ఏ పని

పెద్ద పని ఏది తలపెట్టినా నాలుగు సంగతులు తేలాలి. సాధించవలసింది ఏమిటి? అందుకు చేయవలసిన పనులేవి? వాటిలో ఏది ముందు, ఏది వెనక? ఒక్కొక్కదానికి ఎన్ని రోజులు పడుతుంది? పాఠ్యపుస్తకాలు ఈ వరసలోనే చెబుతాయి. చరిత్ర మాత్రం దాదాపు చివరి నుంచి మొదటికి నడిచింది. రోజుల లెక్కను గీసి చూపడం ముందు వాడుకలోకి వచ్చింది. పనుల మధ్య సంబంధాన్ని గీయడం ఆ తరవాత. లక్ష్యాన్ని ఒక పద్ధతి ప్రకారం పనులుగా విడగొట్టడం వీటన్నిటికన్నా వెనక.

ఈ కథలో మొదటి పేరు కరోల్ అదామియెత్‌స్కీది. పోలెండుకు చెందిన ఈ ఇంజనీరు 19వ శతాబ్దం చివర రష్యా సామ్రాజ్యంలోని ఉక్కు రోలింగు మిల్లుల్లో పనిచేశాడు. ఒక యంత్రం ఖాళీగా ఎదురుచూస్తుంటే ఇంకో యంత్రం ముందు సరుకు పేరుకుపోవడం అక్కడ రోజూ ఉండేదే. దానికి విరుగుడుగా 1896లో ఆయన హార్మొనోగ్రామ్ అనే పటం తయారుచేశాడు. ఒక చట్రంలో నిలువుగా కాగితపు పట్టీలు, ఒక్కో పనికి ఒక్కో పట్టీ. ఆ పని ఏయే పనులు అయ్యాక మొదలవ్వాలో, అది అయ్యాక ఏవి మొదలవుతాయో పట్టీ తలమీదే రాసి ఉంటుంది. పనికి పట్టే సమయాన్ని చూపే చిన్న కాగితపు ముక్కను పట్టీ మీద పైకీ కిందికీ జరపవచ్చు. ఒక పని ఆలస్యమైతే దాని ముక్కను జరిపి, దానిమీద ఆధారపడిన వాటినీ జరుపుకుంటూ పోతే కొత్త కాలపట్టిక సిద్ధం. పనుల మధ్య సంబంధం ఈ పటంలో అప్పటికే ఉంది. అయితే దీని గురించి ఆయన వివరంగా రాసిన పోలిష్ వ్యాసం 1931లో గానీ అచ్చుకాలేదు. 1933లో ఆయన కన్నుమూశాడు. పడమటి దేశాల ఇంజనీర్లకు ఆ పని సకాలంలో చేరి ఉంటే తరవాతి చరిత్ర ముందే జరిగి ఉండేదేమో.

ప్రపంచమంతటా పాకింది మాత్రం అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పేరుతో పిలిచే అడ్డపట్టీల పటం. 1861లో పుట్టిన గాంట్ మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ దగ్గర పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి ఆయుధాలు తయారుచేసే చోట ఈ పటాలు బాగా ఉపయోగపడ్డాయి. గాంట్ 1919లో చనిపోయాక ఆయన సహచరుడు వాలెస్ క్లార్క్ 1922లో రాసిన పుస్తకం చాలా భాషల్లోకి వెళ్లింది. పటం చదవడం ఎవరికైనా తేలిక. పైన తేదీలు, పక్కన పనుల పేర్లు, ఎదురుగా ఒక్కో గీత. గీత ఎంత పొడవుంటే పని అన్ని రోజులు. ఎంతవరకు అనుకున్నారో, ఎంతవరకు అయిందో పక్కపక్కనే కనిపిస్తుంది. లోపమల్లా ఒక్కటే. మూడో వరసలోని పని నాలుగు రోజులు వెనకబడితే పదో వరసలోని పనికి ఏమవుతుందో గీతలు చెప్పవు. అది మేస్త్రీ బుర్రలోనే ఉండిపోతుంది.

బుర్రలో ఉన్నదాన్ని కాగితం మీదికి తెచ్చే అవసరం 1956 ప్రాంతంలో డ్యుపాంట్ రసాయనాల కంపెనీకి కలిగింది. ఆ కంపెనీ దగ్గర యూనివాక్ కంప్యూటర్ ఉంది. కొత్త ప్లాంట్లు కట్టడంలో దాన్ని ఎలా వాడుకోవచ్చా అని వెతికారు. కంపెనీ ఇంజనీరు మోర్గన్ వాకర్, కంప్యూటర్ తయారుచేసిన రెమింగ్టన్ రాండ్ సంస్థ గణితజ్ఞుడు జేమ్స్ కెల్లీ 1957లో కలిసి కూర్చున్నారు. ఒక్కో పనికి ఒక్కో బాణం గీశారు. ఒక బాణం ముగిసిన చోటే తరవాతి బాణం మొదలవుతుంది. ఇలా అల్లుకున్న వలలో మొదటి నుంచి చివరికి దారులు ఎన్నో ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టే దారే మొత్తం పని ఎన్నాళ్లకు పూర్తవుతుందో నిర్ణయిస్తుంది. దాన్నే క్రిటికల్ పాత్ అన్నారు.

ఈ సంగతి మన ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లందరూ ఎరిగిన ఉదాహరణలో చక్కగా కనిపిస్తుంది. గోడలు లేచాయి, శ్లాబు వేయాలి. సెంట్రింగుకు 3 రోజులు. ఈలోగా కింద కడ్డీలు కోసి వంచడానికి 2 రోజులు. ఈ రెండూ అయ్యాక పైన కడ్డీలు పరచి కట్టడానికి 2 రోజులు, కరెంటు పైపులకు 1 రోజు, కాంక్రీటుకు 1 రోజు. ఆపైన 14 రోజులు నీళ్లు పెట్టాలి. సెంట్రింగు విప్పడానికి 1 రోజు, లోపలి ప్లాస్టరింగుకు 6 రోజులు, చివరికి తలుపు రెక్కలు బిగించడానికి 2 రోజులు. మొత్తం 30 రోజులు. తలుపు రెక్కలు తయారుచేయడానికి వడ్రంగికి 12 రోజులు కావాలి. అవి 28వ రోజు సాయంత్రానికి చేతికందితే చాలు. అంటే వడ్రంగి 16 రోజులు ఆలస్యంగా మొదలుపెట్టినా గృహప్రవేశం ముహూర్తం మారదు. కడ్డీలు వంచే పనికి వెసులుబాటు ఒక్క రోజే. సెంట్రింగుకు, కాంక్రీటుకు, నీళ్లు పెట్టడానికి అసలే లేదు. అందులోనూ ఆ 14 రోజులు ఎంతమంది కూలీలను పెంచినా తగ్గవు. ముందు నుంచి లెక్కవేస్తూ పోతే ప్రతి పనీ ఎంత త్వరగా మొదలవగలదో తెలుస్తుంది. చివరి నుంచి వెనక్కి లెక్కవేస్తే ఎంత ఆలస్యంగా మొదలవ్వచ్చో తెలుస్తుంది. ఈ రెంటికీ ఉన్న తేడాయే వెసులుబాటు. తేడా సున్నా అయిన పనులన్నీ క్రిటికల్ దారి మీద ఉన్నట్టు.

డ్యుపాంట్‌కు దీని విలువ కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో కళ్లకు కట్టింది. అక్కడ నియోప్రీన్ రబ్బరు తయారుచేసే ప్లాంటును మరమ్మతులకు ఆపినప్పుడల్లా సగటున 125 గంటలు పట్టేది. ఆపిన ప్రతి గంటా ఉత్పత్తి నష్టమే. ఆలస్యమవుతుందనిపిస్తే అన్ని పనులకూ ఓవర్‌టైం పెట్టడం పాత అలవాటు. కొత్త పద్ధతిలో ఖర్చు పెంచవలసింది క్రిటికల్ దారి మీది పనులకే అని తేలింది. పెద్ద ప్రాజెక్టుల్లో ఆ పనులు సాధారణంగా మొత్తంలో చిన్న భాగమే. 1959లో ఆ సమయం 93 గంటలకు దిగింది, మరికొంత సవరిస్తే 78 గంటలు చాలునని లెక్క చెప్పింది. అదే సంవత్సరం డిసెంబరులో బోస్టన్‌లో జరిగిన కంప్యూటర్ సమావేశంలో కెల్లీ, వాకర్ తమ పద్ధతిని ప్రకటించారు.

ప్లాంటు కట్టేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పైపు వెల్డింగుకు ఎంతసేపు పడుతుందో పాత అనుభవం చెబుతుంది. అమెరికా నౌకాదళానికి ఆ సౌకర్యం లేదు. నీటి అడుగున ఉన్న జలాంతర్గామి నుంచి పొలారిస్ క్షిపణిని పేల్చాలి, అలాంటిది అంతకు ముందెవరూ చేయలేదు. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను పంపాక తొందర ఇంకా పెరిగింది. అడ్మిరల్ విలియం రాబర్న్ నడిపిన ప్రత్యేక కార్యాలయం 1958లో బూజ్ అలెన్ అండ్ హామిల్టన్, లాక్‌హీడ్ సంస్థలతో కలిసి పెర్ట్ పద్ధతిని రూపొందించింది. ఇందులో ప్రతి పనికీ మూడు అంచనాలు అడుగుతారు: అంతా కలిసొస్తే ఎంతకాలం, మామూలుగా ఎంతకాలం, అన్నీ అడ్డం తిరిగితే ఎంతకాలం. మామూలు అంచనాను నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. ఒక పనికి 4, 6, 14 వారాలని చెబితే సగటు 7 వారాలు. మామూలుగా 6 అన్నవాడి నోట దాగిన భయం లెక్కలోకి వచ్చి 7 అయింది. నిజాయితీగా అడగడానికి ఇంతకన్నా మంచి దారి అప్పటికి లేదు. ఒక లోపమూ ఉంది. దాదాపు సమాన పొడవున్న దారులు చాలా ఒకచోట కలిసినప్పుడు పెర్ట్ చెప్పే తేదీ నిజానికన్నా ముందే ఉంటుంది. ఎందుకంటే వాటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా అంతా ఆగుతుంది.

1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ అనే జలాంతర్గామి నీటి అడుగు నుంచి క్షిపణిని విజయవంతంగా పేల్చింది. పేరంతా పెర్ట్‌కే వచ్చింది. తరవాత హార్వీ సపోల్‌స్కీ అనే పరిశోధకుడు 1972లో ఆ కార్యక్రమ చరిత్ర రాస్తూ, పెర్ట్ లోపల వాడుకైనదానికన్నా బయటివాళ్ల జోక్యాన్ని దూరంగా ఉంచడానికి ఎక్కువ పనికొచ్చిందని తేల్చాడు. ఈ పరిశీలనను పక్కనపెట్టకూడదు. గోడకు వేలాడే పటం దానంతట అది పని చేయించదు. ప్రతివారం దాన్ని సరిదిద్దే మనుషులుండాలి.

లక్ష్యం దగ్గరికి చరిత్ర ఇప్పుడు చేరింది. 1961 మే 25న అధ్యక్షుడు కెనడీ, ఆ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీద దించి క్షేమంగా భూమికి తిరిగి తీసుకురావాలని ప్రతిపాదించాడు. లక్ష్యం ఎలా ఉండాలో నేర్పడానికి దీనికి సాటి వచ్చేది అరుదు. ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఎలా అయితే పూర్తయినట్టు, మూడూ అందులో ఉన్నాయి. క్షేమంగా తిరిగి తేవడమన్న షరతు ఒక్కటే ఎంతో పనిని కల్పించింది. చంద్రుడి నుంచి పైకి లేచే వాహనం, వాతావరణంలోకి వచ్చేటప్పుడు కాలిపోకుండా కాపాడే కవచం, సముద్రంలో ఎదురుచూసే ఓడలు, అన్నీ దాని వల్లే. 1962లో అమెరికా రక్షణశాఖ, నాసా కలిసి ఇచ్చిన మార్గదర్శిలో లక్ష్యాన్ని ఇలా పనులుగా విడగొట్టడం ఒక నియమమైంది. మొత్తం ఫలితాన్ని భాగాలుగా, భాగాలను చిన్న భాగాలుగా, ఒకరికి అప్పజెప్పి ఖర్చు కట్టగలిగేంత వరకు కొమ్మలుగా చీల్చాలి. ఈ చెట్టు కొమ్మల చివరలే వలలోని పనులవుతాయి. కొమ్మ ఏదైనా మరిచిపోతే ఆ పని వలలో ఉండదు, అది లేదని ఏ లెక్కా చెప్పదు. అందుకే ఈ మెట్టు మీద పెట్టిన సమయం ఎన్నడూ వృథా పోదు.

గీసే తీరు కూడా మారింది. బాణాన్ని పనిగా భావిస్తే కొన్నిచోట్ల సంబంధాన్ని చూపడానికే పని లేని ఉత్తుత్తి బాణాలు గీయాల్సి వచ్చేది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫోండాల్ 1961లో పనిని వలయంలో రాసి, బాణాన్ని సంబంధానికే వదిలాడు. కంప్యూటర్ కొనలేని చిన్న కాంట్రాక్టరు కూడా చేత్తో లెక్కవేసుకోవాలన్నది ఆయన పట్టుదల. ఫ్రాన్స్‌లో బెర్నార్ రువా కూడా దాదాపు అదే కాలంలో ఈ దారికే వచ్చాడు. 1980ల్లో ప్రిమవేరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఈ రకం వలే నిలిచింది. తెర మీద కనిపించేది గాంట్ గీతలే, వాటి వెనక నడిచే లెక్క వలది.

మిగిలింది మనుషుల కొరత. బాణాలు గీసేటప్పుడు కావలసినంతమంది దొరుకుతారనే అనుకుంటారు. పై ఇంట్లో సెంట్రింగుకూ కడ్డీలు వంచడానికీ ఉన్నది ఒకే ముఠా అయితే ఆ రెండు పనులూ ఒకేసారి సాగవు. మూడో రోజు ముగియాల్సింది ఐదో రోజుకు ముగుస్తుంది, 30 రోజులు 32 అవుతాయి. ఇజ్రాయెల్‌కు చెందిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో పనుల వరసనూ మనుషుల లభ్యతనూ కలిపి చూసి, అలా వచ్చే పొడవైన గొలుసును అసలు హద్దుగా తీసుకున్నాడు. ప్రతి పనిలో విడివిడిగా దాచుకునే అదనపు రోజులను తీసేసి, అందులో కొంత భాగాన్ని గొలుసు చివర ఒకేచోట ఉంచమన్నాడు. ఎక్కడ ఆలస్యమైనా ఆ నిల్వలోంచి తీస్తారు. నిల్వ ఎంత తరిగిందో చూస్తే పని ఏ స్థితిలో ఉందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది.