పదునాలుగేండ్లకే బడి ముగియవలెనా?
(వార్షికమహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి యను పదమునకు విద్యను కోరువాడని యర్థము. ఆ కోరిక 14వ యేట తీరిపోవునా? మన చట్టమును జూచిన నట్లే తోచును. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము, పది సంవత్సరములలోగా బాలబాలికలకెల్ల 14 ఏండ్లు నిండువఱకు ఉచిత నిర్బంధవిద్య నొసంగ యత్నింపవలెనని ప్రభుత్వము నాదేశించెను. ఆ విద్య హక్కగుటకు 2002లో రాజ్యాంగసవరణమును, 2009లో చట్టమును కావలసివచ్చెను. 2010 ఏప్రిలు 1వ తేదినుండి ఆ చట్టము అమలులో నున్నది. అయినను 6 మొదలు 14 ఏండ్లవఱకే దాని పరిమితి. ఎనిమిదవ తరగతితో సరి.

వోటునకు 18 ఏండ్లు. కన్యావివాహమునకు 18 ఏండ్లు. బడివిషయమున మాత్రము చట్టము నాలుగేండ్లు ముందే చేయి విడుచుచున్నది. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టమును 14 ఏండ్లు దాటినవారిని అపాయకరములగు పనులనుండియే వారించును. బడితలుపు మూయబడుచోటనే పనితలుపు తెఱువబడుచున్నది.

మన నేతవారి యిండ్లలో దీనిని వేఱుగ జెప్ప నక్కఱలేదు. కండెలు చుట్టుటకును, ఆసు పోయుటకును చిన్నచేతు లెప్పుడును కావలయును. మేము ఉపాధ్యాయులమై యుండగా, మా బడిలో కడపటి తరగతి ముగించిన యొక బాలికకు బదిలీపత్రమును మా చేతితోనే వ్రాసి యిచ్చితిమి. ఏ బడికి బోవుచున్నదో యడుగమైతిమి. కొన్నేండ్లకు ఆ యింటికి బోగా ఆమె రాట్నముకడ గనబడెను. ఆ పత్రము పెట్టెలోనే యున్నదట! ఆ లోపము మాది. నేటికిని మఱువజాలకున్నాము.

ఇంగ్లండులో నిర్బంధవిద్యావయస్సు 1918 చట్టముచే 14 ఏండ్లు, 1947లో 15, 1972లో 16 అయ్యెను. 2015నుండి 18 ఏండ్లవఱకు విద్యయో, వృత్తిశిక్షణమో తప్పదు. మన 2020 జాతీయ విద్యావిధానమును 18 ఏండ్లవఱకు ఎల్లరకు విద్య యనియే లక్ష్యము జెప్పినది. కాని విధానము చట్టము కాదు.

ఇది బీదతండ్రి నోటికాడి కూడు దీయుట కాదా యని కొంద ఱనవచ్చును. ఆ మాట త్రోసివేయదగినది కాదు. చేరువను ఉన్నతపాఠశాల, బాలికలకు వసతిగృహము లేక నిర్బంధించుట శిక్షయే యగును. కావున నిర్బంధము మొదట ప్రభుత్వముమీదను, పిదప మనమీదను ఉండవలెను.

నిర్బంధవిద్యావయస్సును 18 ఏండ్లకు బెంపవలెనని యీ మహాసభ తీర్మానింప గోరుచున్నాము. అంతవఱకు వేచియుండక, ప్రతిగ్రామమునను ఎనిమిదవ తరగతియు, పదవ తరగతియు ముగించిన మన పిల్లల పట్టిక వ్రాసి, జూను మాసమున ఇల్లిల్లు దిరిగి, "ఏ బడిలో చేరితివమ్మా?" యని యడుగుదము. పుస్తకములకు, బస్సుకు, వసతికి పోషకులు ద్రవ్యమొసంగుదురు గాక. రాబోవు వార్షికసభలో ఆ పట్టికను పేరుపేరున చదివి వినిపింతము.

మేము అడుగని ప్రశ్నను మీరైన నడుగుడు.

స్వస్తి.