ఒక్క సెంటు పుస్తకం



వాణిజ్యశాస్త్రం చదివి ఈరోజు పట్టాలందుకుంటున్న మీకు ఒక వింత బేరం గురించి చెబుతాను. 2008కి ముందు ఈబే అనే ఆన్‌లైన్ అంగడి వేలాల్లో కొన్ని ఈ-బుక్కులు ఒక్క అమెరికన్ సెంటుకే వచ్చేవి. ఇంట్లో కూర్చుని సంపాదించడానికి ఒకటి, ఒళ్లు తగ్గడానికి ఇంకొకటి. చాలావాటికి తిరిగి అమ్ముకునే హక్కు కూడా ఉండేది. ఇవాళ కొన్నవాడే రేపు అమ్మకందారు!

సెంటుకి అమ్మినవాడికేం మిగిలేది? ఈబేకి కట్టే రుసుముకైనా చాలేది కాదు. మిగిలేది మంచిపేరు. కొన్నవాళ్లలో చాలామంది ఒక మెప్పు మార్కు వేసేవారు. అవి వందల్లో పోగయ్యాక, నమ్మకస్తుడన్న ముద్రతో ఖరీదైన సరుకు బయటికి తీయగలిగేవాడు. పుస్తకం ఒట్టి సాకు. అక్కడ చవగ్గా కొనుక్కున్నది పరపతి, కొనుక్కున్నవాడు అమ్మకందారే. ఈ ఆట ముదిరాక, 2008 మార్చి నెలాఖరు నుంచి ఈబే డౌన్‌లోడ్ సరుకును వేలంలోంచి తప్పించి, క్లాసిఫైడ్ ప్రకటనలకే పరిమితం చేసింది.

ఇక కొనేవాడి వైపు చూద్దాం. సంతలో వంకాయని తిప్పి చూసి, పుచ్చు లేదనుకున్నాకే సంచిలో వేసుకుంటాం. సమాచారాన్ని అలా చూడనివ్వరు. చూస్తే ఇక కొనక్కర్లేదు మరి! ఆర్థికవేత్త కెనెత్ యారో ఈ చిక్కుముడిని 1962లోనే ఎత్తిచూపాడు.

కాబట్టి చుట్టూ చూసి తేల్చుకోవాలి. రాసిందెవరు, ఎప్పుడు? రచయిత పేరు లేని పుస్తకాన్ని నేనైతే ముట్టుకోను. అదే సరుకు ఊరికే దొరుకుతోందా? కాపీహక్కులు తీరిన పుస్తకాలను ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ 1971 నుంచీ ఉచితంగానే ఇస్తోంది. వాటికే కొత్త అట్టవేసి అమ్మేవాళ్లున్నారు. అది నేరమేం కాదు. తప్పులు దిద్ది, వివరణలు చేర్చినవాడికి నాలుగు డబ్బులివ్వడం న్యాయం కూడా.

ఇంకొకటి, ఇది ముఖ్యం: అందరికీ తెలిశాక కూడా ఆ విషయం పనికొస్తుందా? పాము కరిస్తే ఏం చేయాలో లక్షమందికి తెలిసినా ఆ విషయం విలువ తగ్గదు. ఫలానా సరుకు ఎక్కడ చవకో నలుగురికి తెలిస్తే లాభం. నాలుగువేల మందికి తెలిస్తే అక్కడ ధర పెరిగి కూర్చుంటుంది. డబ్బు సంపాదించే రహస్యాన్ని అందరికీ అమ్మేవాడి దగ్గర ఇంకా రహస్యమేముంటుంది?

ఇప్పుడు మీ ఫోన్లలోకి వేల ఫైళ్ల కట్టలు 99 రూపాయలకే వస్తున్నాయి. వాటిలో చాలావాటి మీదా తిరిగి అమ్ముకునే హక్కే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రాసినవాడి పేరు ఎక్కడుందో వెతికి చూడండి.