బండకు పాలిష్, బియ్యానికి పాలిష్



సేవాలాల్ మహరాజ్ పుట్టిన నేల మన పక్కనే, గుత్తి దగ్గర. జయంతి నాడు ఆయన కథ చెప్పుకుంటాం, భోగ్ పెట్టుకుంటాం. ఈసారి సంఘంలో కూర్చుని మాట్లాడుకున్నప్పుడు మన చేతి పని గురించి, మన కంచంలోని తిండి గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలని అనుకున్నాం. ఉపన్యాసం అనుకోకండి, ఇంట్లో మాట్లాడుకున్నట్టే వినండి.

పాలిష్ అనే మాట మనం రెండు చోట్ల వింటాం. ఒకటి బండల మిషన్ దగ్గర, రెండోది బియ్యం అంగడిలో. రెండు చోట్లా జరిగేది పైపొర తీసేయడమే. తీసేసింది ఎక్కడికి పోతుంది, ఎవరికి పోతుంది అన్నదే ఈ రోజు మా మాట.

ముందు బండ సంగతి. మన తండాల్లో చాలా ఇళ్లలో ఎవరో ఒకరు గనిలోనో మిషన్ల దగ్గరో పనిచేసినవాళ్లే, కాబట్టి ఇది మీకు చెప్పాల్సిన పని లేదు. నాపరాయి నేలలో పొరలు పొరలుగా ఉంటుంది. పొర వెంట ఉలి పెట్టి కొడితే బండ లేస్తుంది, అడ్డంగా కొడితే పగులుతుంది. గనిలోంచి వచ్చినప్పుడు బూడిద రంగు. నీళ్లు పోస్తూ ముతక రాయితో మొదలుపెట్టి సన్నరాయి దాకా రుద్దితే నల్లగా, మొహం కనిపించేలా వస్తుంది. రంగు ఏమీ పూయలేదు. గరుకు మీద పడిన వెలుగు నాలుగు దిక్కులా చెదిరి రాయి పాలిపోయినట్టు కనిపిస్తుంది. నున్నగా చేస్తే వెలుగు చెదరదు, అసలు రంగు బయటికొస్తుంది. వాన పడినప్పుడు బండ నల్లబడేది కూడా ఇందుకే. కానీ ఎంత మెరిసినా అది సున్నపురాయే. చింతపులుసు ఒలికితే అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది, పులుపు సున్నాన్ని తినేస్తుంది కాబట్టి.

అదే రాయిని రుద్దకుండా కాలిస్తే కథ వేరు. సుమారు 900 డిగ్రీల వేడిలో రాయిలోని గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్, బయటికి పోతుంది. 100 కిలోల మంచి సున్నపురాయి కాలిస్తే మిగిలేది 56 కిలోల సున్నం. దాని మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడుకుతుంది. గోడకు పూశాక పోయిన ఆ గాలినే మెల్లగా మళ్లీ పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. మట్టి కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు క్లింకర్. మన చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఈ రాయి కోసమే.

బండ నుంచి తీసేసిన పొర ఎక్కడుంది? రోడ్ల పక్కన తెల్లగా గుట్టలు పడిన పొడిలో ఉంది. నీళ్లు పోసి రుద్దినంతసేపూ అది బురద, ఊపిరిలోకి రాదు. అంచులు కోసేటప్పుడు నీళ్లు లేకుండా చేతి గ్రైండర్ పట్టుకుంటేనే ప్రమాదం. సున్నం దుమ్ము కంటికీ గొంతుకూ మంట పెడుతుంది. రాయిలో ఇసుక పాలు ఉంటే ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి ఇక బయటికి రాదు. అలా వచ్చే జబ్బు సిలికోసిస్, దాన్ని పోగొట్టే మందు లేదు. కొంగు కట్టుకున్నాం కదా అంటారు ఆడవాళ్లు. సన్న దుమ్మును కొంగు ఆపదు. నీళ్ల పైపు అడగడం మన హక్కు, అది గొంతెమ్మ కోరిక కాదు.

ఇక తిండి. ఇక్కడ మన ముసలమ్మల తెలివి గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాం, ఏమీ అనుకోవద్దు.

జొన్నపిండిని చల్లనీళ్లతో కలిపి బాటి తట్టి చూడండి, అంచులు పగిలిపోతాయి. గోధుమలో ఉండే జిగురు జొన్నలో లేదు. అందుకే మన యాడీలు మరిగే నీళ్లు పోస్తారు. వేడికి పిండి కొంత ఉడికి బంకగా మారి, ఆ బంకే పిండిని పట్టుకుంటుంది. ఎరుకల అక్కలు వెదురు బద్దను నానబెట్టి వంచుతారు, ఆరాక ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. ఆ చేటే లేకపోతే ఏ ఇంట్లో గింజలు శుభ్రమయ్యేవి? ఈ పనులను కాలేజీలో నేర్పితే టెక్నాలజీ అంటారు. మనం చేస్తే కూలి అంటారు.

కొర్రలకు పొట్టు తీయాల్సిందే, అది మనిషికి అరగదు. పొట్టు కింద ఉన్న సన్న పొరను మాత్రం మనవాళ్లు ముట్టుకునేవాళ్లు కాదు. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. తర్వాత పట్నం అంగళ్లలో కొర్రలు తెల్లగా మెరుస్తూ దొరుకుతున్నాయి. వాటికీ పాలిష్ పట్టేశారు. ధర పెరిగింది, పీచు తగ్గింది.

ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లా మనది. జొన్న, కొర్ర పండిన నేలలో వేరుశనగ వచ్చింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక వరన్నం పండగ తిండి నుంచి రోజువారీ తిండి అయింది. ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలి ఆపింది, దాన్ని మేము తప్పుపట్టం. కానీ మిల్లులో ఏం జరుగుతుందో తెలియాలి. 100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు ఊక, 8 కిలోల దాకా తవుడు పోతాయి. గింజలోని బి1 విటమిన్‌లో పెద్ద పాలు ఆ తవుడులోనే ఉంటుంది. తవుడు నూనె మిల్లుకు, పశువులకు పోతుంది. మన గిన్నెలోకి తెల్ల బియ్యం వస్తుంది. ఆ మీదట మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం.

దీనికి ప్రాణాలు పోయిన చరిత్ర ఉంది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు తెల్ల బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పెడితే లేచి నడవడం చూశాడు. 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే బెరిబెరి జబ్బు మన తెలుగు కోస్తాలో, అప్పటి ఉత్తర సర్కారుల్లో, పాతుకుపోయి ఉండేది. కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు దాని మీద పనిచేశాడు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్‌కు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టి ఆరబెట్టి దంచే ఉప్పుడు బియ్యం తిన్నచోట ఆ జబ్బు తక్కువ. ఆవిరికి తవుడులోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. గింజ గట్టిపడి నూక కూడా తక్కువ అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. రేషన్ బియ్యంలో వేరే రకం గింజలు కనిపిస్తున్నాయని, ప్లాస్టిక్ బియ్యమని చేటలో ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. నూకలను పిండి చేసి, అందులో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, సేమియా తీసినట్టు మిషన్లో వేడిగా ఒత్తి, బియ్యపు గింజలా కోసి ఆరబెడతారు. 100 గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక ఇది దేశమంతా వచ్చింది. అందులోని ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందమే. రక్తం తక్కువని ఆశా అక్క మాత్రలు ఇస్తుంది, అదే ఇల్లాలు ఇంట్లో ఆ గింజలను ఏరి కోళ్లకు వేస్తుంది. కోళ్లు బాగుంటాయి!

మాకు దీని మీద ఒక పేచీ కూడా ఉంది. ముందు తవుడు తీసేసి, తర్వాత మిషన్ పెట్టి మందు కలపడం కంటే తక్కువ పాలిష్ బియ్యం, జొన్న, కొర్ర ఇవ్వొచ్చు కదా అని. ఆ అర్జీ రాసి పెట్టాం, సంతకాలు కావాలి. అది జరిగేదాకా ఆ గింజలు పారేయకండి. తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం ఇనుము సంగతి డాక్టరును అడిగి తినండి. కడగడం ఒకసారి చాలు. వార్చిన గంజి ఉంటే పప్పులో పోయండి.

హాస్టల్ వార్డెన్లు ఎవరైనా ఈ సభలో ఉంటే భోజనాల తర్వాత ఒక్క పది నిమిషాలు మా దగ్గర కూర్చోండి. వంటమనుషులతో మాట్లాడాల్సింది ఉంది. భోజనంలో జొన్న బాటి ఉంది. అర్జీ కాగితం కూడా అక్కడే, బాటి పెట్టే యాడి పక్కన.