చూచినది చూచినట్లు

(వైద్య విశ్వవిద్యాలయ స్నాతకోత్సవమున చేసిన ప్రసంగము)



విద్య ముగించి గురువులను వీడిపోవు శిష్యులకు హితము పలుకుట మన దేశమున ఉపనిషత్కాలమునుండియు వచ్చుచున్న ఆచారము. ఆ ఆచారమును పాటించుచు ధర్మసూత్రములను వరుసగా వల్లించుటకంటె, ఒక యువరోగి వృత్తాంతమును, అతనిని పరీక్షించిన ఇరువురు వైద్యుల వృత్తాంతమును మీకు సావకాశముగా చెప్పుట మేలని తలచితిని. ఆ ఇరువురిలో ఒకడు, నిన్నమొన్నటి వఱకు మీరున్న స్థితిలోనే ఉండిన హౌస్‌సర్జన్. తమ యెదుటనున్న రోగమేదియో వారికి తెలియలేదు. అయినను వారు చేసిన పని, రోగనిర్ణయ చరిత్రలో ఎందఱో మహావైద్యుల నిర్ణయములకంటె ఎక్కువ ఫలమిచ్చినది. అది యెట్లు సంభవించినదో గ్రహించినచో, వైద్యుని వృత్తిధర్మములో నేను ప్రధానమని నమ్ముచున్నదేదియో మీకు తేటతెల్లమగును.

1904వ సంవత్సరము డిసెంబరు నెల చివరి వారమున, అమెరికాలోని చికాగో నగరమందలి ప్రెస్బిటీరియన్ ఆసుపత్రికి ఇరువదియేండ్ల యువకుడొకడు దగ్గుతోను, జ్వరముతోను, ఆయాసముతోను వచ్చి చేరెను. అతని పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ సముద్రమందలి గ్రెనడా ద్వీపమున పుట్టిన నల్లజాతి యువకుడు. దంతవైద్యము నభ్యసింపగోరి ఆ యేడే ఓడనెక్కి వచ్చి, ఆ నగరమందలి దంతవైద్య కళాశాలలో చేరి కొన్ని నెలలు మాత్రమే అయినది. అతనిని తొలుత పరీక్షించిన హౌస్‌సర్జన్ ఎర్నెస్ట్ ఐరన్స్, ఇరువదియేడేండ్ల వాడు, రోగి చెప్పిన దానినంతటిని ఓపికతో విని వ్రాసికొనెను. ఓడప్రయాణమున చీలమండమీద పుండులేచి మిక్కిలి బాధించెననియు, అటువంటి పుండ్లు పూర్వమును కాళ్ళమీద లేచి మానుచుండెననియు, కొంతకాలముగా గుండెదడయు, ఎగరోజుటయు కలుగుచున్నవనియు రోగి చెప్పెను. పరీక్షింపగా కాళ్ళపై పాత పుండ్ల మచ్చలును, కన్నులలో పసుపుచ్ఛాయయు, గుండెయందు అసహజధ్వనియు కానవచ్చినవి. రక్తమున హీమోగ్లోబిన్ ఉండవలసిన దానిలో నూటికి నలువది పాళ్ళు మాత్రమే యుండెను. ఐరన్స్ ఆ రక్తపు చుక్కను గాజుపలకపై పఱచి సూక్ష్మదర్శినిలో చూడగా, గుండ్రముగా నుండవలసిన ఎఱ్ఱకణముల నడుమ సన్నగా సాగి, మొనలుదేరి, కొడవళ్ళవలె వంగిన కణములు అనేకములు కానవచ్చెను. ఆనాటి పాఠ్యగ్రంథములలో ఎచ్చటను అవి వర్ణింపబడియుండలేదు. అతడు వాని ఆకారమును కేస్ షీటులో రేఖలతో చిత్రించి, తన పైవాడైన డాక్టర్ జేమ్స్ హెరిక్‌కు చూపెను.

హెరిక్ అప్పటికే పేరుపొందిన భిషగ్వరుడు. చిన్న డాక్టరు చూపినదానిని ఏదో రంగుపూత దోషమనియో, తొందరపాటుచే కలిగిన భ్రమ యనియో త్రోసిపుచ్చుట అట్టివానికి ఎంత సులభమో ఆలోచింపుడు. ఆయన అట్లు చేయలేదు. తాజా రక్తమును ఏ రీతిగా పఱచి చూచినను ఆ కణములు కానవచ్చినవి. వేడిచేతను, ఆల్కహాలు, ఈథర్‌లచేతను స్థిరపఱచి, రంగులు వేసి చూచినను కానవచ్చినవి. అదే వేళ ఇతరుల రక్తమును తీసి అదే విధముగా సిద్ధపఱచి చూడగా కానరాలేదు. కావున ఆ వైపరీత్యము పరీక్షావిధానమున లేదు, రోగి రక్తమునందే యున్నదని వారికి రూఢియయ్యెను. తరువాత రోగనిర్ణయమునకు పూనుకొని, సిఫిలిస్ కావచ్చునా యనియు, ఉష్ణదేశములందు సాధారణమైన ప్రేగు పురుగులు కారణము కావచ్చునా యనియు, ఒక్కొక్క సంశయమునే తీసికొని సాక్ష్యముతో తూచి చూచిరి. ఏదియు పూర్తిగా పొసగలేదు. విశ్రాంతియు, పుష్టికరమైన ఆహారమును, ఇనుముతో చేసిన పానకపు మందును ఇచ్చి కాపాడగా, రోగి కొన్ని వారములలో తేరుకొని మరల చదువునకు పోయెను.

నవవైద్యులారా, అనేకుల విషయమున కథ ఇచ్చటనే ముగియును. రోగి నయమై యింటికి పోగానే కేస్ షీటు బీరువాలోనికి పోవును. రోగమేదియో తెలియలేదన్న సంగతి ఎవ్వరికిని బాధ కలిగింపదు. వీరికి అది బాధ కలిగించెను. ఇంచుమించు రెండున్నర సంవత్సరములు వారాతనిని కనిపెట్టియుండిరి. జ్వరముతో వచ్చినప్పుడును, కీళ్ళనొప్పులతో వచ్చినప్పుడును, కామెర్లవంటి లక్షణములతో వచ్చినప్పుడును పరీక్షించుచు, ప్రతి పర్యాయమును రక్తమును చూచుచు, వేర్వేరు రోగములుగా తోచు ఈ బాధలన్నియు ఒకే మూలమునుండి పుట్టుచున్నవేమోయని యోచించుచుండిరి. తుదకు 1910 నవంబరులో హెరిక్ ఆ వృత్తాంతమును ఒక వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ వ్యాసమున ఆయన రోగమునకు పేరుపెట్టలేదు. ఇట్టి రోగులు మఱికొందఱు కానవచ్చువఱకు నిర్ణయము చేయరాదని స్పష్టముగా చెప్పి, ఎఱ్ఱకణముయొక్క నిర్మాణమునందే మనమెఱుగని మార్పేదియో ఉండవచ్చునని మాత్రము సూచించి విరమించెను. ఆ యొక్క సూచనను శాస్త్రలోకము నలువదియేండ్లకు గాని పూర్తిగా అందుకొనలేకపోయెను.

తెలియనిదానిని తెలియదని ప్రకటించుటవలన కలిగిన ఫలమును చూడుడు. ఆ వ్యాసము వెలువడిన మరుసటి సంవత్సరమే వర్జీనియాలో అట్టి రోగియే మఱొకరు గుర్తింపబడిరి. గ్రంథస్థమైన చిత్రము ఒకటి యుండుటచేతనే ఆ గుర్తింపు సాధ్యమయ్యెను. 1917లో విక్టర్ ఎమ్మెల్ గాజుపలకల నడుమ గాలి చొరకుండ మూసియుంచిన రక్తమున కణములు కొడవళ్ళగా మారుటను చూచెను. 1922లో వెర్న్ మేసన్ ఆ వ్యాధికి సికిల్ సెల్ రక్తహీనతయని నామకరణము చేసెను. ప్రాణవాయువు తగ్గుటయే ఆ వికృతికి కారణమని 1927లో హాన్, గిలెస్పీ నిరూపించిరి. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు ఆ రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్‌క్షేత్రమున ఆరోగ్యవంతుల దానికంటె భిన్నముగా కదలుచున్నదని చూపి, దీనిని అణుగత వ్యాధియని పేర్కొనిరి. ఒక వ్యాధికి మూలము ఒక అణువునందున్నదని అట్లు నిరూపింపబడుట అదియే ప్రథమము. కొన్ని యేండ్లకు వెర్నన్ ఇన్‌గ్రామ్, బీటా గొలుసునందలి 146 అమైనో ఆమ్లములలో ఆఱవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వాలీన్ వచ్చి చేరుటయే సర్వానర్థములకు మూలమని తేల్చెను. ఆ యొక్క మార్పుచే, ప్రాణవాయువును విడిచిన హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకొని కడ్డీలుగా పేరుకొనును. కణము వంగి బిఱ్ఱబిగియును. సూక్ష్మనాళములలో అడ్డుపడి రక్తప్రవాహము నాపును. ఎముకలలో దుర్భరమైన నొప్పియు, చిన్నబిడ్డల చేతులు కాళ్ళు వాచుటయు, ప్లీహము చెడుటయు, నూట యిరువది దినములు బ్రతుకవలసిన ఎఱ్ఱకణము కొలది దినములకే నశించి రక్తహీనతయు కామెర్లును కలుగుటయు ఇందువలననే. నోయెల్ కాలిపుండ్లును, ఆయాసమును, కన్నుల పసుపును, కీళ్ళనొప్పులును ఒక్క సూత్రమున గ్రుచ్చబడినవని అప్పటికి తేటపడెను.

ఇది దూరదేశపు గాథయని మీరనుకొనరాదు. 1952లో నీలగిరి కొండలయందలి గిరిజనుల రక్తమున ఈ లక్షణము కలదని లేమన్, కట్‌బుష్ అనువారు ప్రకటించిరి. ఆదిలాబాదు అడవులయందలి గోండులు, కొలాములు మొదలుకొని విశాఖ మన్యమువఱకు, మన తెలుగునేలపై కొండకోనలలో నివసించు కుటుంబములందును ఇది తరతరములుగా ఉన్నది. మన్యపు చలిజ్వరము ప్రబలిన తావులందే ఇది యెక్కువగా కానవచ్చుటకు కారణము కలదు. తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే ఈ లక్షణమును పొందినవానికి ప్రమాదకరమైన మలేరియానుండి కొంత రక్షణ లభించునని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపెను. ఒక్కరినుండి పొందినవానికి రక్షణయైనది, ఇరువురినుండి పొందిన బిడ్డకు శాపమగుచున్నది. అట్టి లక్షణముగల దంపతులకు ప్రతి కాన్పునందును నలుగురిలో ఒకరికి వ్యాధి వచ్చుటకు అవకాశము కలదు. ఈ బాధను తొలగింపవలెనని భారతప్రభుత్వము 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ కార్యక్రమము నారంభించి, నలువది యేండ్లలోపు వారిలో ఏడు కోట్లమందికి పరీక్షలు జరుపవలెనని సంకల్పించినది.

మీలో కొందఱు రేపు పాడేరునకో, ఉట్నూరునకో, భద్రాచలమునకో పోయి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో కూర్చుందురు. ఒకనాడు ఒక గిరిజన మాత వేళ్ళువాచి యేడ్చుచున్న పసిబిడ్డను చంకనెత్తుకొని మీ ఓ.పి.కి వచ్చును. పుట్టినప్పుడు బిడ్డ బాగుగనే యుండెనని ఆమె చెప్పును. అది నిజమే, గర్భస్థదశయందలి హీమోగ్లోబిన్ కొన్ని నెలలపాటు బిడ్డను కాపాడును. దెబ్బ తగిలినదనియో, ఎముకకు చీము పట్టినదనియో, పెద్దబిడ్డయైనచో కీళ్ళవాతమనియో తలచి మందిచ్చి పంపుట సులభము. అప్పుడు మీరొక్క ప్రశ్న యధికముగా అడుగుడు. ఇంతకుముందును ఇట్లే వాచినదా? అన్నదమ్ములలో, అక్కచెల్లెండ్రలో ఎవరికైన ఇట్టి నొప్పులుండెనా? చిన్నతనమున పోయిన బిడ్డలున్నారా? ఆపై ఒక్క రక్తపు చుక్కను తీయుడు. సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి పలకపై మూసి చూచు పరీక్షకును, సాల్యుబిలిటీ పరీక్షకును వెచ్చము స్వల్పము. అవి సూచించినదానిని పెద్ద ఆసుపత్రిలో ఎలెక్ట్రోఫోరెసిస్‌చే నిర్ధారింపవచ్చును. రోగము నిర్ణయమైనచో చేయదగినది ఎంతయో కలదు. క్రమముగా ఇచ్చు పెన్సిలిన్, టీకాలు ప్రాణాంతకమైన అంటువ్యాధులనుండి శిశువును కాపాడును. హైడ్రాక్సీయూరియా నొప్పుల తాకిడిని తగ్గించును. జ్వరము వచ్చినచో క్షణమైన ఆలసింపక రావలెనని తల్లికి చెప్పు ఒక్కమాట ఒక నిండుజీవితమును నిలుపును. నిర్ణయము కాని నాడు ఇవి యేవియు ఆ బిడ్డకు అందవు.

అయితే నేను చెప్పదలచినది ఈ యొక్క వ్యాధిని గూర్చి మాత్రమే కాదు. మీరు నేర్చిన శాస్త్రమున ఇంకను పేరులేని రోగములున్నవి. పేరుండియు మీకు గుర్తుకురాని రోగములు అంతకంటె ఎక్కువగా ఎదురగును. అట్టి సమయమున యువవైద్యుని రెండు ప్రలోభములు వెన్నాడును. తెలియదని చెప్పినచో గౌరవము పోవునని భయపడి, చేతికందిన పేరొకటి రోగికి తగిలించుట మొదటిది; పాఠమున కుదరని లక్షణమును చూచియు చూడనట్లు విడిచి, కుదిరినవానిని మాత్రమే వ్రాసికొనుట రెండవది. రెండవది మొదటిదానికంటె ప్రమాదకరము. తప్పు పేరు రేపు సవరింపబడవచ్చును గాని, వ్రాయబడని లక్షణము తరువాత వచ్చు వైద్యునికి సహితము దక్కదు. ఐరన్స్ ఆ కణముల ఆకారమును చిత్రింపక విడిచియున్నచో, హెరిక్ ఆలోచించుటకే ఆధారము లేకపోయెడిది. కావున మీ కేస్ షీటును మీ విజ్ఞానమునకు ప్రదర్శనశాలగా గాక, మీ తరువాతివానికి మీరు వదలిపోవు సాక్ష్యముగా భావించి వ్రాయుడు. పెద్దవైద్యులగు కాలము మీకును వచ్చును. అప్పుడు మీ క్రింది హౌస్‌సర్జన్ సంకోచించుచు తెచ్చి చూపినదానిని హెరిక్ చూచినట్లు చూడుడు.

మఱియొక సంగతి విన్నవించి ముగింతును. 1910 నాటి వ్యాసమున రోగి పేరు లేదు. అతడు బుద్ధిమంతుడైన నల్లజాతి యువకుడుగా మాత్రమే అందు వర్ణింపబడెను. అతడెవరో, తరువాత ఏమయ్యెనో వైద్యలోకము చిరకాలమెఱుగదు. 1989లో ఇరువురు పరిశోధకులు పాత పత్రములు వెదకి ఆ జీవితమును వెలికితెచ్చి ప్రకటించిరి. అన్ని మాఱులు ఆసుపత్రి పాలయ్యును, నోయెల్ తన తరగతితోపాటు 1907లో పట్టము పుచ్చుకొని, గ్రెనడాకు మరలి, సెయింట్ జార్జెస్ పట్టణమున దంతవైద్యము చేసికొనుచు, 1916లో న్యుమోనియాచే ముప్పదిరెండవ యేట కాలధర్మము నొందెను. రోగి గోప్యమును కాపాడుట మీ విధియే. కాని, పత్రికలో పేరు దాచుట వేఱు, మనస్సులో మనిషిని మఱచుట వేఱు. మంచము నంబరుతోను, వ్యాధి పేరుతోను రోగిని పిలుచు అలవాటు మన ఆసుపత్రులలో ప్రబలి యున్నది. మీ చేతికి వచ్చిన ప్రతి వ్యక్తికిని ఒక ఊరు, ఒక చదువో వృత్తియో, తాను చేయదలచిన పని యొకటి ఉన్నవని ఎఱిగి మెలగుడు. ఆ యెఱుకయే నోయెల్‌ను హెరిక్, ఐరన్స్ కనిపెట్టినట్లు మిమ్ములను రెండున్నర యేండ్లు ఒక రోగిని కనిపెట్టియుండునట్లు చేయును. పుస్తకజ్ఞానము ఒక్కటియే అంత ఓర్పును ఇవ్వజాలదు.

ఐరన్స్ కాలక్రమమున వైద్యకళాశాలాధిపతి యయ్యెను. పౌలింగ్ వ్యాసము వెలువడిన 1949లోనే అమెరికా వైద్యసంఘమునకు అధ్యక్షుడయ్యెను. మీకును అట్టి పదవులు, కీర్తియు లభించుగాక. అవి లభించినను లభింపకున్నను, ఎంత రద్దీలోనైనను కన్ను చూచినదానిని చేయి దాచక వ్రాయుగాక. తెలియనిచోట తెలియదని చెప్పు ధైర్యమును, తెలిసికొనువఱకు విడువని పట్టుదలయు మీకు కలుగుగాక. కొండపల్లెలోని పేదబిడ్డ యైనను, నగరమందలి ధనికుని కుమారుడైనను, మీ యెదుట ఒకే శ్రద్ధను పొందుగాక. మీ గురువుల శ్రమయు, మీ తల్లిదండ్రుల త్యాగమును సార్థకమగునట్లు జీవింపుడు. శుభమస్తు.